చూడని గ్రహం ఉందని ఎట్లా చెప్తారు?

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లాగే ఉంచాము.)



ఆహ్వాన పత్రికలో నా పేరు ఎదురుగా "విజ్ఞాన శాస్త్రం - నేటి యువత" అని వేశారు. ఆ అంశం మీద మాట్లాడితే మీకు నిద్ర వస్తుంది, నాకూ వస్తుంది. అధ్యక్షుల వారి అనుమతి తీసుకుని మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో ముందు చెప్తాను.

కిందటేడు ఇదే సభలో పిల్లలకు ప్రతిభా పురస్కారాలు ఇచ్చాక, భోజనాల దగ్గర ఒక తాత నన్ను పట్టుకున్నారు. ఆయన మనుమరాలు బీయెస్సీలో ఫిజిక్సు మంచి మార్కులతో పాసయింది. ఇక ముందు ఖగోళశాస్త్రం చదువుతానంటోంది. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెతికే పని చేస్తానంటోంది. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. అందులో రెండు ఆగిపోయి ఉన్నాయి. తాత నన్ను అడిగింది ఇదీ. "అయ్యా, మీరు ఫిజిక్సు చెప్పిన మాస్టారు గదా. ఆ గ్రహాలను ఎవరన్నా కండ్లతో చూసినారా?"

"చాలావరకు చూడలేదండీ" అన్నాను.

"చూడనిదాన్ని ఉన్నదని చెప్పటానికి ఇన్నేండ్ల చదువా? దానికోసం నేను మగ్గం అమ్మాల్నా?"

అప్పుడు నేనేదో చెప్పాను. సరిగ్గా చెప్పలేదు. పప్పు వడ్డించే అబ్బాయి వచ్చాడు, మాట అక్కడే తెగింది. ఆ ప్రశ్న మాత్రం ఏడాదిగా నాతోనే ఉంది. ఈరోజు ఆ అప్పు తీర్చుకుంటాను.

ముందు, ఎందుకు కనబడవో చెప్తాను. నక్షత్రమంటే సూర్యుడి లాంటిదే. దానికి సొంత వెలుగుంది. గ్రహానికి లేదు. దాని మీద పడిన వెలుగే తిరిగి వస్తుంది. చాలా దూరం నుంచి ఎవరైనా మన సూర్యుణ్ణి, మన భూమిని చూశారనుకోండి. వాళ్లకు సూర్యుడు భూమి కన్నా సుమారు 1,000 కోట్ల రెట్లు ఎక్కువ వెలుగుతాడు. జాతరలో పెట్టే పెద్ద ఫోకస్ లైటు అంచు మీద ఒక మిణుగురు వాలింది, మీరు పక్క ఊళ్లో నిలబడి ఆ మిణుగురును చూడాలి. అదీ కష్టం.

అందుకని వాళ్లు గ్రహాన్ని చూడరు. నక్షత్రాన్నే చూస్తారు. నక్షత్రంలో ఏదైనా తప్పు దొర్లుతోందా అని చూస్తారు. ఈ పని మనకు కొత్తది కాదు.

మా ఇంట్లో జాకార్డు మగ్గం ఉండేది. నాకు పదిహేనేళ్లప్పుడు ఒక చీర బుటాలో ఒక పోగు లేవలేదు. చిన్న తప్పే, దగ్గర పెట్టుకుని చూస్తే తప్ప తెలియదు. "నూలు మంచిది కాదు" అన్నాను. మా నాయన మారు మాట్లాడలేదు. తరువాతి బుటా చూశాడు. అక్కడా అదే చోట తప్పు. ఆ తరువాతి దానిలోనూ అంతే. "నూలుకు ఇంత లెక్క ఎట్లా తెలుస్తదిరా?" అన్నాడు. లేచి పైనున్న అట్టలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయి ఒక అట్ట దగ్గర ఆగాడు. దాని మీద ఒక రంధ్రం చిన్న కాగితం ముక్కతో మూసుకుపోయి ఉంది.

ఆయన గుడ్డ దగ్గర కూర్చునే పైనున్న అట్టలో తప్పుందని తేల్చాడు. ఎట్లా? తప్పు మళ్లీ మళ్లీ వచ్చింది. ఒకే దూరంలో వచ్చింది. ఒకే చోట వచ్చింది. నూలు తెగితే ఇష్టమొచ్చినట్టు తెగుతుంది. లెక్క ప్రకారం వచ్చే తప్పు వెనక తిరిగేది ఏదో ఒకటి ఉంటుంది. బయటి గ్రహాలను కనిపెట్టేవాళ్ల పని మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. అయితే ఆ ఒక్క మాట దగ్గరే వాళ్లు చాలాసార్లు మోసపోయారు కూడా. అది కూడా చెప్పాలి, చెప్పకపోతే తాతకు న్యాయం చేసినట్టు కాదు.

మొదటి పద్ధతి నక్షత్రం ఊగడాన్ని చూడటం. మన ఆడపిల్లలకు ఒప్పులకుప్ప తెలుసు. ఒక పెద్దామె, ఒక చిన్నపిల్ల చేతులు పట్టుకుని తిరిగితే పిల్ల పెద్ద గుండ్రం తిరుగుతుంది. పెద్దామె ఒకే చోట నిలబడి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది గానీ, పిల్ల బరువుకు ఆమె కూడా చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. చీకట్లో పెద్దామె తెల్లచీర మాత్రమే కనబడిందనుకోండి. ఆ చీర అటూ ఇటూ ఊగితే, చేయి పట్టుకుని ఎవరో తిరుగుతున్నారని తెలుస్తుంది. గ్రహమూ నక్షత్రమూ అట్లాగే తిరుగుతాయి.

ఇట్లా ఊగడాన్ని బట్టి కనబడనిది ఒకటి ఉందని చెప్పిన తొలి వాదనల్లో ఒకటి చెన్నపట్నం నుంచి వెళ్లింది. ఈ సంగతి మన తమిళనాడు వాళ్లకు కూడా చాలామందికి తెలియదు. నుంగంబాక్కంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ల మద్రాసు అబ్జర్వేటరీ ఉండేది. అక్కడ డైరెక్టరుగా ఉన్న విలియం జేకబ్ 1855లో, ఓఫియూకస్ అనే నక్షత్ర మండలంలోని 70వ నంబరు నక్షత్రం మీద ఒక వ్యాసం రాశారు. అది జంట నక్షత్రం. ఒకదాని చుట్టూ ఒకటి తిరగాల్సిన దారికీ, నిజంగా తిరుగుతున్న దారికీ లెక్క కుదరడం లేదు. కాబట్టి అక్కడ కనబడని గ్రహం లాంటిది ఉండొచ్చు అన్నారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ దాన్ని అచ్చు వేసింది. తరువాత తేలిందేమిటంటే, ఆయన చెప్పిన గ్రహం అక్కడ లేదు. ఆ రోజుల్లో కొలతల్లో ఉండే తేడా కన్నా, ఆయన వెతికిన ఊపు చిన్నది.

జేకబ్‌ను నేను తప్పు పట్టను. ఉండొచ్చు అన్నాడు గానీ ఉంది అని గుద్ది చెప్పలేదు.

ఇంకో కథ ఇంతకన్నా బాధ కలిగించేది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ప్రౌల్ అబ్జర్వేటరీ అని ఉండేది. అక్కడ పీటర్ వాన్ డి కాంప్ అనే ఆయన బర్నార్డ్ నక్షత్రం మీద 1938 నుంచి ఫోటోలు తీయించడం మొదలుపెట్టారు. మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చిన్న నక్షత్రం అది. ఏటేటా ఫోటోలు. గాజు పలకల మీద. వాటిని కొలవడం, రాసుకోవడం. పాతికేళ్లు అయ్యాక 1963లో ప్రకటించారు. నక్షత్రం ఊగుతోంది, 24 ఏళ్లకు ఒకసారి తిరిగే గ్రహం ఉంది, గురుగ్రహం కన్నా పెద్దది అని. లోకమంతా నమ్మింది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

పదేళ్ల తరువాత వేరే టెలిస్కోపులతో తీసిన ఫోటోలను ఇంకొకరు కొలిచారు. ఊపు కనబడలేదు. ఈలోగా ఆ స్ప్రౌల్ అబ్జర్వేటరీలోనే జాన్ హెర్షీ అనే ఆయన ఇంకొక నక్షత్రం ఫోటోలు కొలిచారు. అది కూడా బర్నార్డ్ నక్షత్రం లాగే అదే సంవత్సరాల్లో పక్కకు జరిగింది! రెండు వేర్వేరు నక్షత్రాలు ఒకే ఏడాది ఒకే తీరున ఎందుకు జరుగుతాయి? ఆ సంవత్సరాల్లో ఏం జరిగిందని చూస్తే, 1949లో టెలిస్కోపు కటకాన్ని పట్టి ఉంచే చట్రం మార్చారు. 1957లో కటకాన్ని మళ్లీ సర్దారు. గుడ్డలో కనబడిన తప్పు నూలుదీ కాదు, అట్టదీ కాదు. మగ్గాన్ని బాగుచేసిన రోజున పడ్డ తప్పు.

వాన్ డి కాంప్ దాన్ని ఒప్పుకోలేదు. చివరిదాకా తన గ్రహం ఉందనే అన్నారు. 1995 మే నెలలో పోయారు. ఆ తరువాత అయిదు నెలలకే సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహం నిజంగా దొరికింది, వేరే చోట, వేరే పద్ధతిలో. దాని దగ్గరికి వస్తాను. అంతకన్నా ముందు ఇంకొక మనిషి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రసంగంలో నాకు బాగా ఇష్టమైనది ఆయన కథే.

చచ్చిపోయిన కొన్ని నక్షత్రాలు చిన్న గట్టి ముద్దగా మిగిలి, గిరగిరా తిరుగుతూ రేడియో చప్పుళ్లు పంపుతుంటాయి. వాటిని పల్సార్లు అంటారు. గడియారం కన్నా నికరంగా టిక్ టిక్ మంటాయి. ఆ టిక్కులు కొంచెం ముందుగా, కొంచెం ఆలస్యంగా వస్తుంటే పల్సారు ముందుకూ వెనక్కూ ఊగుతోందన్నమాట. 1991లో ఇంగ్లండులోని ఆండ్రూ లైన్, ఆయన జట్టు వాళ్లు ఒక పల్సారు చుట్టూ గ్రహం ఉందని నేచర్ పత్రికలో ప్రకటించారు. ఆ గ్రహానికి ఒక చుట్టుకు ఆరు నెలలు.

ఆరు నెలలు. ఏడాదిలో సరిగ్గా సగం. మీకు ఇక్కడే అనుమానం రావాలి. మనం కూర్చున్న భూమి కూడా తిరుగుతోంది గదా, దాని లెక్క ఏడాది. మన తిరుగుడు వల్ల వచ్చే తేడాను ముందు లెక్కలోంచి తీసేయాలి. అది పూర్తిగా తీసేయలేదు. వాళ్లు కనిపెట్టింది భూమి తిరగడాన్నే.

ఈ తప్పు వేరెవరో పట్టుకోలేదు. లైన్ తానే పట్టుకున్నారు. 1992 జనవరిలో అట్లాంటాలో ఖగోళ శాస్త్రవేత్తల పెద్ద సభ. ఆ గ్రహం గురించి మాట్లాడటానికే ఆయన్ను పిలిచారు. ఆయన వేదిక ఎక్కి, గ్రహం లేదు, మా లెక్కలో తప్పు జరిగింది, ఇదిగో ఇక్కడ జరిగింది అని వివరంగా చెప్పారు. ఒక్క క్షణం ఎవరికీ నోట మాట లేదట. తరువాత సభ మొత్తం చాలాసేపు చప్పట్లు కొట్టింది. ఓడిపోయిన మనిషికి చప్పట్లు!

ఆ వెంటనే అదే వేదిక మీదికి అలెగ్జాండర్ వోల్‌ష్చాన్ అనే పోలండు దేశస్థుడు వచ్చారు. సెకనుకు 161 సార్లు తిరిగే మరో పల్సారు చుట్టూ రెండు గ్రహాలు ఉన్నాయని చెప్పారు. ఒకటి 66 రోజులకు, ఇంకొకటి 98 రోజులకు తిరుగుతాయి. ఏడాదితో, ఆరు నెలలతో పొంతన లేని లెక్కలు. అవి నిలిచాయి. సూర్యుడి కుటుంబం బయట ఖాయంగా దొరికిన మొదటి గ్రహాలు అవే.

ఇక రెండో పద్ధతి, నక్షత్రపు వెలుగు రంగులను చూడటం. స్టేషను ప్లాట్‌ఫారం మీద నిలబడండి. ఆగకుండా పోయే రైలు కూత వేస్తూ దగ్గరికి వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. వెలుగుకూ అంతే. నక్షత్రం మన వైపు వస్తే దాని రంగులు నీలం వైపు, దూరం పోతే ఎరుపు వైపు వెంట్రుకవాసి జరుగుతాయి. వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యలో సన్నని నల్లగీతలు పడతాయి, పడుగులో అక్కడక్కడ పోగులు లేనట్టు. ఆ గీతలు ఎంత జరిగాయో కొలుస్తారు. ఊపు ఫోటోలో కనబడనంత చిన్నదైనా, దాని వేగం ఇట్లా దొరుకుతుంది.

మన గురుగ్రహం వల్ల సూర్యుడు సెకనుకు 12.5 మీటర్ల వేగంతో ఊగుతాడు, స్కూటరు వేగం అనుకోండి. భూమి వల్ల సెకనుకు 9 సెంటీమీటర్లు. పసిపిల్ల పాకే వేగం కూడా కాదు.

1995 అక్టోబరులో స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, దిదియే కెలోజ్ ఇద్దరూ పెగాసస్ మండలంలోని 51వ నంబరు నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని ప్రకటించారు. టెలిస్కోపు ఫ్రాన్సులో ఉంది. నక్షత్రం సెకనుకు 56 మీటర్ల చొప్పున ఊగుతోంది. గ్రహం బరువు గురుగ్రహంలో కనీసం సగం. ఒక చుట్టుకు ఎంతకాలం? 4.2 రోజులు! మన గురుడికి దాదాపు 12 ఏళ్లు. అంత పెద్ద గ్రహం నక్షత్రానికి అంత దగ్గరగా ఉండగలదని అప్పట్లో దాదాపు ఎవరూ అనుకోలేదు. కెనడాలో ఒక జట్టు పన్నెండేళ్లు 21 నక్షత్రాలను చూసింది. మన గురుడి లాంటి, ఏళ్ల తరబడి తిరిగే గ్రహం కోసం వెతికారు. దొరకలేదు. నిజానికి నక్షత్రానికి దగ్గరగా తిరిగే పెద్ద గ్రహాల కోసం వెతకొచ్చని ఓటో స్ట్రూవే అనే ఆయన 1952లోనే రాశారు. పట్టించుకున్నవాళ్లు లేరు. మేయర్ వాళ్లు ప్రకటించగానే కాలిఫోర్నియాలో ఇంకో జట్టు అదే నక్షత్రాన్ని కొన్ని రాత్రులు చూసి, నిజమే అంది. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడో పద్ధతి అన్నిటికన్నా తేలిక, చెప్పుకోవడానికి. గ్రహం తిరుగుతూ తిరుగుతూ మనకూ నక్షత్రానికీ మధ్య అడ్డం వస్తే వెలుగు కొంచెం తగ్గుతుంది. 2012 జూన్ 6 పొద్దున శుక్రుడు సూర్యుడి మీదుగా నల్లచుక్కలా పోయాడు, మీలో కొందరు చూసే ఉంటారు. 1874 డిసెంబరులోనూ అట్లాగే వచ్చింది. అప్పుడు నేను చెప్పిన మద్రాసు అబ్జర్వేటరీలోనే పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు జనానికి అర్థమయ్యేట్టు దాని మీద చిన్న పుస్తకం రాసి, దేశభాషల్లోకి కూడా తెచ్చారు. ఈ వేదిక మీద నేను చేస్తున్నది ఆయన చేసిన పనే. ఆయన స్వయంగా మారుతుండే నక్షత్రాన్ని కనిపెట్టిన మనిషి, నేను కనిపెట్టింది ఏమీ లేదు, అంతే తేడా.

వెలుగు ఎంత తగ్గుతుంది? గురుగ్రహం అడ్డం వస్తే నూటికి ఒక వంతు. నూరు పోగుల్లో ఒక పోగు తీసేసినట్టు. మన భూమి అడ్డం వస్తే? 12,000 పోగుల పడుగు వేసి అందులో ఒక్క పోగు తీసేయండి. అంత. అదీ ఏడాదికి ఒక్కసారి, ఎక్కువలో ఎక్కువ 13 గంటల సేపు. పైగా గ్రహం దారి సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉంటేనే. భూమి లాంటి దూరంలో తిరిగే గ్రహాల్లో సుమారు 200 కు ఒకటే అట్లా పడుతుంది. కాబట్టి లక్షల నక్షత్రాలను రెప్ప వేయకుండా చూస్తూ కూర్చోవాలి.

ఆ పని చేద్దామని విలియం బొరుకి అనే ఆయన నాసాకు ప్రతిపాదన పెట్టారు. నాలుగుసార్లు కాదన్నారు. ఇంత చిన్న తగ్గుదలను కొలవలేరు అన్నారు. ప్రతిసారీ ఏ కారణం చెప్పి కాదన్నారో ఆ పనిని ప్రయోగశాలలో చేసి చూపించి మళ్లీ పెట్టారు. అయిదోసారి ఒప్పుకున్నారు. అట్లా 2009లో కెప్లర్ టెలిస్కోపు పైకి వెళ్లింది. హంస మండలం దగ్గర ఆకాశంలో ఒక్క ముక్క మీద చూపు నిలిపి 1,50,000 పైచిలుకు నక్షత్రాలను నాలుగేళ్లు చూసింది. దాని వల్ల 2,600 పైన గ్రహాలు దొరికాయి.

ఇక్కడ కూడా మోసాలు ఉన్నాయి. వెనక ఎక్కడో దూరంగా రెండు నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డం వస్తుంటే, వాటి వెలుగు ముందున్న నక్షత్రం వెలుగులో కలిసి గ్రహం అడ్డం వచ్చినట్టే అనిపిస్తుంది. రెండు పోగులు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటే పోగులా కనబడినట్టు. నక్షత్రం మీద మచ్చలున్నా వెలుగు తగ్గుతుంది. అందుకని కెప్లర్ వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. కనీసం మూడుసార్లు, సమానమైన ఎడంతో, ఒకే లోతున తగ్గాలి. మా నాయన కూడా మూడో బుటా చూశాకే లేచాడు.

మూడుసార్లు తగ్గినా సరిపోదు. ఇంకో పద్ధతితో కూడా చూడాలి. అడ్డం వచ్చినప్పుడు తగ్గే వెలుగు గ్రహం సైజు చెప్తుంది. నక్షత్రం ఊపు గ్రహం బరువు చెప్తుంది. గుడ్డ కొలతా, బరువూ రెండూ తెలిస్తే అది మందం గుడ్డో పలచటి గుడ్డో చూడకుండా చెప్పగలం గదా. 1999లో మొదటిసారి ఒకే గ్రహానికి రెండూ దొరికాయి. వెలుగు తగ్గడాన్ని పట్టినవాటిలో ఒకటి 10 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న టెలిస్కోపు. తేలిందేమిటంటే ఆ గ్రహం సైజులో గురుడి కన్నా పెద్దది, బరువులో తక్కువ. నీళ్ల కన్నా తేలిక.

మన దేశంలోనూ ఇదే జరిగింది. 2018లో, రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూ మీద, అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్ల టెలిస్కోపుతో. వెలుగు తగ్గడాన్ని కెప్లర్ పట్టుకుంది. అది నిజంగా గ్రహమేనా అని తేల్చింది మౌంట్ ఆబూ మీద పారస్ అనే పరికరం. నక్షత్రం ఊపు కొలిచి, గ్రహం భూమికి సుమారు 27 రెట్లు బరువు, వెడల్పులో 6 రెట్లు, 19.5 రోజులకు ఒక చుట్టు అని చెప్పారు. మనకు 600 కాంతి సంవత్సరాల దూరం.

ఇంకా రెండు పద్ధతులు ఉన్నాయి, త్వరగా చెప్పి ముగిస్తాను, భోజనాల వాసన వస్తోంది. ఒక నక్షత్రం సరిగ్గా ఇంకో నక్షత్రం ముందు నుంచి పోతే దాని ఆకర్షణ కటకంలా పనిచేసి వెనకదాని వెలుగును కాసేపు పెంచుతుంది. ముందు నక్షత్రానికి గ్రహం ఉంటే ఆ పెరుగుదలలో ఇంకో చిన్న మిట్ట కనబడుతుంది. చిక్కేమిటంటే అది ఒక్కసారే వస్తుంది, మళ్లీ రాదు.

చివరిది నేరుగా ఫోటో తీయడం. తాతగారూ, ఇది మీ కోసం. ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూసినట్టు, నక్షత్రపు వెలుగుకు అడ్డం పెట్టి పక్కనేముందో చూస్తారు. 2008లో హెచ్ఆర్ 8799 అనే నక్షత్రం పక్కన మూడు గ్రహాల ఫోటోలు వచ్చాయి. తరువాత నాలుగోది కూడా. అవి నిజమైనవే. సంవత్సరాల తరబడి తీసిన ఫోటోల్లో అవి కదలడం కూడా చూడొచ్చు. సరిగ్గా అదే రోజుల్లో, ఫోమల్‌హాట్ అనే నక్షత్రం పక్కన కూడా ఒక గ్రహం ఫోటో దొరికిందని హబుల్ టెలిస్కోపు వాళ్లు ప్రకటించారు. ఫోటో ఉంది, చుక్క ఉంది, అది కదులుతోంది కూడా. లోకమంతా పత్రికల్లో వేసింది. తరువాత కొన్నేళ్లకు ఆ చుక్క పలచబడింది, 2014కు మాయమైంది. గ్రహం కాదు, రెండు పెద్ద బండలు గుద్దుకుంటే లేచిన దుమ్ము అయి ఉండాలని 2020లో తేల్చారు.

అంటే చూడని గ్రహాలు వేల సంఖ్యలో నిలబడ్డాయి. కండ్లతో చూసిన ఈ గ్రహం మాత్రం దుమ్మయింది. 2025 సెప్టెంబరుకు నాసా లెక్కలో బయటి గ్రహాలు 6,000 దాటాయి. ఫోటోలో దొరికినవి వాటిలో బహు కొద్ది.

ఇక మగ్గం అమ్మే సంగతి. దీని గురించి నేను తీపి మాటలు చెప్పను. ఈ చదువుకు ఉద్యోగాలు తక్కువ. పదిమందిలో ఎనిమిదిమంది మధ్యలో వేరే దారి పట్టినా నేను ఆశ్చర్యపోను. అయితే ఒక లెక్క మీకు తెలియాలి. ఎమ్మెస్సీ దాకా ఖర్చు మనది. ఆ తరువాత దేశవ్యాప్త పరీక్ష రాసి పరిశోధనకు చేరితే వాళ్లే నెలకు జీతం లాంటిది ఇస్తారు. 2023 నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. బెంగళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థ ఉంది. పుణేలో అయుకా ఉంది. ఇచల్‌కరంజి నుంచో షోలాపూర్ నుంచో పుణే ఎంత దూరమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇక ఇంట్లో ఫోను ఉన్న ఎవరైనా ఉత్తపుణ్యానికే ఈ పని రుచి చూడొచ్చు. ప్లానెట్ హంటర్స్ అని ఉంది. టెలిస్కోపు కొలిచిన వెలుగు గీతలను మామూలు జనం ముందు పెడతారు, ఎక్కడ గుంట పడిందో గుర్తుపెట్టమంటారు. 2012లో ఇద్దరు వాలంటీర్లు అట్లా గుర్తించిన గుంటే నాలుగు సూర్యుల కుటుంబంలో తిరుగుతున్న గ్రహం అయింది. కంప్యూటర్ల జల్లెడకు అది దొరకలేదు.

తిరిగి బర్నార్డ్ నక్షత్రం దగ్గరికి వస్తాను. వాన్ డి కాంప్ జీవితమంతా చూసిన ఆ చిన్న నక్షత్రానికి 2024 అక్టోబరులో గ్రహం దొరికింది. ఆయన చెప్పిన పెద్ద గ్రహం కాదు. భూమి కన్నా చిన్నది, మూడు రోజులకో చుట్టు తిరుగుతుంది. 2025 మార్చికల్లా అట్లాంటివి నాలుగని తేల్చారు, రెండు వేర్వేరు పరికరాల కొలతలతో.

జేకబ్ పద్ధతి కూడా చచ్చిపోలేదు. గయా అనే ఐరోపా వాళ్ల టెలిస్కోపు 2014 నుంచి పదేళ్లకు పైగా దాదాపు 200 కోట్ల నక్షత్రాల చోట్లు కొలిచింది. ఆ కొలతల్లో పెద్ద భాగం 2026 డిసెంబరులో బయటపెడతామని ప్రకటించారు. నక్షత్రాలు ఆకాశంలో ఊగడాన్ని బట్టి వేల గ్రహాలు అందులో బయటపడతాయని ఎదురు చూస్తున్నారు. నుంగంబాక్కంలో 1855లో అందనిది ఇప్పుడు అందుతుంది. ఆ లెక్కలు చూడటానికి చాలామంది కావాలి, అందులో గయా పరికరం తప్పు ఏది, నక్షత్రం ఊపు ఏది అని విడదీసేవాళ్లు ముఖ్యంగా కావాలి.

తాతగారు మూడో వరసలో ఉన్నారు, ఇందాకటి నుంచి చేయి ఎత్తి కూర్చున్నారు. పక్కన మనుమరాలు కూడా ఉంది. బాబూ, ఆ మైకు కొంచెం అటివ్వు.